వ్యోమగామికి గొడుగు

ఎండలో బయలుదేరువాడు తలకు రుమాలు చుట్టుకొనును. వానలో పొలమునకు పోవువాడు గొంగడి కప్పుకొనును. ఏ బాధకు తగిన మఱుగు ఆ బాధకున్నది. మఱి భూమిని విడిచి చంద్రునికో, అంగారకునికో పోవు మనుష్యునికి తగిన మఱుగేది? ఆ దారిలో కురియునది వాన కాదు, కాయునది ఎండ కాదు. కంటికి కనబడక, చెవికి వినబడక, దేహమునకు తాకినట్లైనను తెలియక, ఎముకలను సైతము దాటి దూసికొనిపోవు సూక్ష్మకణముల జల్లు అది. ఆ జల్లునుండి మనుష్యుని కాపాడు కవచమును ఎట్లు నిర్మింపవలెనో, అందులోని చిక్కు లెట్టివో ఈ ప్రసంగమున విచారింపదలచితిమి.

మొదట మన నెత్తిమీద నున్న గొడుగును గూర్చి చెప్పుకొందము. నిజామాబాదు జిల్లాలోని మోస్రా గ్రామమునే తీసికొందము. అచ్చటి వరిమడిలో నాట్లు వేయుచున్న స్త్రీ తలపైన ఆకాశము ఖాళీగ నున్నట్లే తోచును. వాస్తవమున ప్రతి చదరపు మీటరు నేలమీదను ఇంచుమించు 10 టన్నుల గాలి నిలిచియున్నది. 10 టన్నులనగా ఒక లారీ భారము. దానిని నీటితో పోల్చినచో 10 మీటర్ల లోతు నీరగును. మనమందఱము అంత లోతు నీటి అడుగున దాగిన చేపలవలె ఈ గాలి అడుగున దాగి బ్రదుకుచున్నాము. దీనికి తోడు భూమియే ఒక పెద్ద అయస్కాంతము. ఆకాశమునుండి వచ్చు విద్యుత్కణములలో పెక్కింటిని అది దూరముననే ప్రక్కకు మళ్ళించును. గాలియు, అయస్కాంతమును కలిసి మనకు పట్టిన ఈ జంట గొడుగు క్రింద ఉన్నంతకాలము మనకు గొడుగున్నదన్న సంగతియే జ్ఞాపకము రాదు.

ఈ జల్లును మొట్టమొదట గుర్తించినవాడు ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్. అతడు 1912లో బెలూను నెక్కి 5 కిలోమీటర్లకు పైగా పోయి, పైకి పోయినకొలది కిరణముల తీవ్రత హెచ్చుచున్నదని కనుగొనెను. 1936లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున ఈ విశ్వకిరణముల పరిశోధనకు దారి తీర్చినవాడు హోమీ భాభా. బెంగుళూరులో ఆరంభమైన ఆ కృషి తరువాత మన గడపకే వచ్చినది. 1959 నుండి హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణనుండి టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు పెద్ద ప్లాస్టిక్ బెలూనులను ఎగురవేసిరి. పిమ్మట ఆ నగరములోనే స్థిరమైన కేంద్రము వెలసెను. 30 కిలోమీటర్ల ఎత్తునకు చేరిన బెలూనునకు పైన మిగులు గాలి నూటికి ఒక పాలు మాత్రమే. అనగా గాలి గొడుగును దాటి జల్లులోనికి చేయి చాపి చూచినట్లు.

హైదరాబాదునే యెన్నుకొనుట కొక కారణమున్నది. ఆ నగరము భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు సమీపమున నున్నది. అచ్చట నిలువుగ దిగి రాదలచిన ప్రోటానునకు ఇంచుమించు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యుండవలెను. అంతకు తక్కువ శక్తి గలవానిని భూమి అయస్కాంతము వెనుకకు త్రోసివేయును. ధ్రువముల యొద్ద ఆ త్రోపు బలహీనము. కావున తెలంగాణము మీది ఆకాశము, ఈ గొడుగు గట్టిగ పనిచేయు చోటులలో ఒకటి.

గాలి క్రిందనే గాక రాతి క్రిందను ఈ కిరణములను వెదకిరి. కోలారు బంగారు గనులలో మన చిత్తూరు సీమనుండి వెళ్ళిన తెలుగు కార్మికులును పెక్కుమంది పనిచేసిరి. ఆ గనులలో 2 కిలోమీటర్లకు మించిన లోతున పరికరముల నుంచి శాస్త్రజ్ఞులు పరిశోధనలు జరిపిరి. అంత రాతిపొర క్రింద విశ్వకిరణముల సంతతియైన మ్యూయానులు దాదాపు అడగిపోవుటచేతనే, 1965లో మిక్కిలి అరుదైన న్యూట్రినోల జాడను అచ్చట పట్టగలిగిరి. కప్పు మందమైనకొలది జల్లు తగ్గుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. కాని రెండు కిలోమీటర్ల రాతిని నౌకపై వేసికొని పోగల వారెవరు?

ఇక పైనున్న జల్లు ఒక్కటి కాదు, మూడు విధములు. మొదటిది భూమి అయస్కాంతములో చిక్కుకొని చుట్టును తిరుగుచున్న కణముల వలయము. 1958లో అమెరికావారి మొదటి ఉపగ్రహమునందలి పరికరముచే వాన్ ఆలెన్ దీనిని కనుగొనెను. ఈ వలయమును వేగముగ దాటిపోయినచో ముప్పు స్వల్పము. రెండవది సూర్యునినుండి అప్పుడప్పుడు ఎగసివచ్చు తుపాను. అది కొన్ని గంటలో, కొన్ని దినములో ఉండి పోవును. మూడవది సుదూర నక్షత్రలోకములనుండి రాత్రింబవళ్ళు అన్ని దిక్కులనుండి కురియునది. ఇందులో నూటికి 85కు పైగా ప్రోటానులు, 12 వరకు హీలియం కేంద్రకములు, ఒక పాలు మాత్రము ఇనుము మున్నగు బరువైన కేంద్రకములు. ఆ ఒక పాలే చాల గడ్డుది. కణము చేయు హాని దాని విద్యుదావేశపు వర్గమును బట్టి పెరుగును. ఇనుప కేంద్రకము ఆవేశము 26. దాని వర్గము 676. ఒక్క ఇనుప కణము చేయు చేటు అదే వేగముగల వందల కొలది ప్రోటానుల చేటుతో సమానము. అపోలో యాత్రికులు చీకటిలో కన్నులు మూసికొనినప్పుడును మెఱుపుల వంటివి చూచితిమని చెప్పిరి. అవి కంటిలోనుండి దూసికొనిపోయిన ఇట్టి కణముల గుర్తులు.

హానిని కొలుచుటకు మిల్లీసీవర్టు అను కొలత యున్నది. ఆసుపత్రిలో ఱొమ్మునకు తీయు ఒక ఎక్స్‌రే పటమునకు ఇంచుమించు 0.1 మిల్లీసీవర్టు. భూమిపై మనుష్యునికి స్వభావసిద్ధముగ సంవత్సరమునకు సగటున 2.4. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున, అయస్కాంతపు గొడుగు క్రిందనే తిరుగుచున్నను, అందున్నవారికి దినమునకు అర మిల్లీసీవర్టునకు పైగా తగులును. తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన రాజా చారి 2021 నవంబరు మొదలు 2022 మే వరకు 177 దినములు ఆ యాత్రలో నుండెను. ఈ లెక్కన ఆ కాలములో ఒక యాత్రికునికి చేరునది ఇంచుమించు 90 మొదలు 120 వరకు; అనగా మనకు నలువది యేండ్లలో చేరునంత.

అంగారకుని దారి ఇంతకంటె కఠినము. క్యూరియాసిటీ యను యంత్రము 2011–12లో అంగారకునికి పోవుచు దారిలో దినమునకు 1.84 మిల్లీసీవర్టులను, దిగిన పిమ్మట నేలపై దినమునకు 0.64 ప్రాంతమును కొలిచెను. పోవుటకు 180 దినములు, వచ్చుటకు 180 దినములు, అచ్చట 500 దినములు ఉండినచో లెక్క యెంతయగునో చూడుడు. రాకపోకలకు 662, అచ్చటి మకామునకు 320, మొత్తము 982. అమెరికా అంతరిక్ష సంస్థవారు ఒక యాత్రికునికి ఉద్యోగకాల మంతటికిని విధించిన హద్దు 600. ఒక్క యాత్రతోనే హద్దు దాటిపోవుచున్నది. వేయి మిల్లీసీవర్టులు తగిలినవారిలో, ప్రాణాంతకమగు క్యాన్సరు అపాయము నూటికి ఐదు చొప్పున హెచ్చునని వైద్యుల అంచనా. ఇది ఊహాజనితమైన భయము కాదు. ఆ యాత్రకు ఎవరి బిడ్డను పంపినను ఎదురగు లెక్క.

ఇట్టి కిరణములనుండి తప్పించుకొనుటకు మూడే మార్గములని ఎక్స్‌రే గదులలో పనిచేయు వారందఱు ఎఱుగుదురు. దగ్గఱనుండు కాలమును తగ్గించుట, దూరముగ తొలగుట, మధ్య అడ్డు పెట్టుట. అంతరిక్షమున దూరముగ తొలగుట సాధ్యము కాదు. జల్లు అన్ని దిక్కులనుండియు వచ్చుచున్నది. కాలమును తగ్గించుటకు వేగముగల ఇంజనులు కావలెను. ఇప్పటికి మన చేతిలో మిగిలినది అడ్డు పెట్టుట యొక్కటే.

అడ్డు అనగానే అందఱికిని సీసము తలపునకు వచ్చును. ఎక్స్‌రే గదిలో తలుపులకు సీసపు రేకులు వేయుదురు గదా! కాని అంతరిక్షమున సీసమును నమ్ముట కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. ఎక్స్‌రే ఒక విధమగు కాంతి. అది సీసములో అణగిపోవును. విశ్వకిరణము మహావేగముతో వచ్చు గుండు. అది సీసపు కేంద్రకమును ఢీకొనినప్పుడు ఆ పెద్ద కేంద్రకము చిట్లి న్యూట్రానులు మున్నగు తునుకలు చెల్లాచెదరగును. ఒక్క బాణమును ఆపబోయి పది ములుకులను లోపలికి పంపినట్లు. నౌకల గోడలను చేయు అల్యూమినియము సీసమంత చెడ్డది కాకున్నను, అందును ఈ దోషము కొంత కలదు.

అందుచేత శాస్త్రజ్ఞులు బరువైన లోహములను విడిచి మిక్కిలి తేలికయైన హైడ్రోజను వంక చూచిరి. దీనికి రెండు కారణములు. కణమును క్రమముగ నెమ్మదింపజేయునది పదార్థములోని ఎలక్ట్రానులు. హైడ్రోజనులో ఒక పాలు బరువునకు ఒక ఎలక్ట్రాను గలదు. తక్కిన తేలిక ధాతువులలో రెండు పాళ్ళకు ఒకటి. సీసములో రెండున్నర పాళ్ళకు గాని ఒకటి లేదు. ఒకే బరువునకు హైడ్రోజను హెచ్చు పని చేయునన్నమాట. రెండవ కారణమును పిల్లల గోటీలాటలో చూడవచ్చును. గోటీ పోయి పెద్ద బండను తాకినచో తన వేగమును కోల్పోక వెనుకకు ఎగురును. తనయంతటి గోటీని తాకినచో తాను నిలిచి, దానికి వేగము నిచ్చును. న్యూట్రానునకు సమానమగు బరువు గలది హైడ్రోజను కేంద్రకమే. కావున దానిని తాకిన న్యూట్రాను త్వరలో అలసిపోవును. పైగా హైడ్రోజను కేంద్రకము ఒకే ప్రోటాను. అందు చిట్లుటకు తునుకలు లేవు.

ద్రవ హైడ్రోజనును గోడలలో నింపినచో బాగుండును గాని, దానిని సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో నిలుపవలెను. అది సులభము కాదు. కావున హైడ్రోజను హెచ్చుగ గల సామాన్య వస్తువులను వెదకిరి. ప్లాస్టిక్ సంచులకు వాడు పాలిథీనులో బరువున నూటికి 14 పాళ్ళు హైడ్రోజను. నీటిలో 11. బోధను ప్రాంతపు శ్రోతలు చక్కెర సంగతి యేమని అడుగవచ్చును. శక్కర్ నగర్ కర్మాగారము 2015 చివర మూతపడినను, చక్కెరను మఱచిన వారు ఈ సీమలో లేరు. చక్కెరలో హైడ్రోజను నూటికి 6 పాళ్ళకు పైమాట. నీటికంటె తక్కువయే గాని, హైడ్రోజను బొత్తిగ లేని అల్యూమినియముకంటె మేలు. దీనిని హాస్యమునకు చెప్పుటలేదు. యాత్రికుల నీటి తొట్లను, ఆహారపు సంచులను నౌక నడుమ పడవేయక గోడల వెంబడి పేర్చినచో, ఆ సామగ్రియే కవచమగును. కవచముకొఱకు వేఱు బరువు మోయనక్కఱలేదు. అంతర్జాతీయ కేంద్రములో యాత్రికులు పండుకొను గదులకు పాలిథీను పలకలు అమర్చుటయు ఈ సూత్రమును బట్టియే.

ఇక మందమెంత కావలెను? సూర్య తుపానుల విషయమున సమాధానము ఆశాజనకము. 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాను 8 సెంటీమీటర్ల నీటిలోనే ఆగిపోవును. తుపానులోని కణములలో అత్యధిక భాగము ఆ శక్తికి లోబడినవే. కనుక నౌక యంతటిని కప్పక, ఒక చిన్న గూటిని గట్టిగ కప్పి, తుపాను హెచ్చరిక రాగానే అందఱును అందులో చేరినచో చాలును. ఇట్టి గూడు లేకున్న ఏమగునో 1972 ఆగస్టు మనకు నేర్పినది. అపోలో 16 ఏప్రిలులో తిరిగివచ్చెను. అపోలో 17 డిసెంబరులో వెళ్ళెను. ఆ రెంటికి నడుమ ఆగస్టు మొదటి వారమున మహా సూర్య తుపాను చెలరేగెను. అప్పుడు చంద్రునిపై పలుచని దుస్తులతో నడచుచున్న మనుష్యుడెవడైన నుండినచో అతనికి తీవ్రమైన రుగ్మత కలిగియుండెడిది. ఆనాడు మానవుని రక్షించినది కవచము కాదు, పంచాంగము.

అదృష్టముపై ఆధారపడుట నిర్మాణశాస్త్రమునకు తగదు. కావుననే 2022 నవంబరులో బయలుదేరి చంద్రుని చుట్టివచ్చిన ఆర్టెమిస్ 1 యాత్రలో, ఓరియన్ నౌకయందు స్త్రీ దేహముల వంటి రెండు బొమ్మలను కూర్చుండబెట్టిరి. ఒకదాని పేరు హెల్గా, రెండవదాని పేరు జోహర్. జోహర్‌కు మాత్రము పాలిథీనుతో చేసిన కవచపు చొక్కా తొడిగిరి. నౌకలో పలుచోట్ల కొలత పరికరముల నుంచిరి. 2024లో ప్రకటించిన కొలతలలో మూల మూలకు తేడా కనబడెను. మిక్కిలి మఱుగైన చోట, మఱుగు లేని చోటికంటె నాలుగు రెట్ల వరకు రక్షణ హెచ్చు. కణవలయమును దాటునప్పుడు నౌక ఒక తొంబది డిగ్రీలు తిరుగుటచేతనే లోపలి తీవ్రత సగమునకు తగ్గెను. కవచ మనగా పొర మందము మాత్రమే కాదు. సామాను ఎచ్చట పెట్టితిమి, మొగము ఎటు త్రిప్పితిమి అను వివేకమును కవచమే.

కాని నక్షత్రలోకపు జల్లు ఇంత సులభముగ లోబడదు. 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాను 3 మీటర్లకు పైగా నీటిని చొచ్చుకొనిపోగలదు. ఒక మీటరు మందము నీటితోనైన గోడ కట్టుదమన్నచో, నిలువు, వెడల్పు, పొడవు మూడేసి మీటర్లు గల ఒక చిన్న గదికే 98 టన్నుల నీరు పట్టును. మనుష్యులను చంద్రునికి మోసికొనిపోయిన సాటర్న్ 5 అను మహా రాకెట్టు చంద్రుని దారికి పంపగలిగినది 45 టన్నుల ప్రాంతము. ఒక గది గోడలకే రాకెట్టు చాలదు. ఇదియే ఈ శాస్త్రమునందలి ముడి. శక్తి గల అయస్కాంతములతో నౌక చుట్టును భూమికి వలె ఒక గొడుగు సృష్టింప వచ్చునా యని కొందఱు యోచించుచున్నారు. ఆ తీగ చుట్టల బరువు, వానిని చల్లగ నుంచు యంత్రముల బరువు, విద్యుచ్ఛక్తి యను మూడును అడ్డు వచ్చుచున్నవి.

దారిలో లేని సదుపాయము గమ్యమున నున్నది. చంద్రునిపై మన్ను కొదువ లేదు. రెండు, మూడు మీటర్ల మన్నును ఇంటిపై కప్పినచో లోపల నివసింపవచ్చును. వెనుకటి మట్టిమిద్దె కట్టిన పెద్దల ఉపాయమే ఇది. గోడ మందముగ నుండినచో ఎండ లోపలికి రాదని వారికి ఎవరును చెప్పనక్కఱలేకపోయెను. మట్టికంటె మేలైనవి గుహలు. 2008 అక్టోబరులో శ్రీహరికోటనుండి వెళ్ళిన చంద్రయాన్ 1 తీసిన పటములలో, కిలోమీటరునకు పైగా పొడవు గల లావా సొరంగము నొకదానిని మన శాస్త్రజ్ఞులు గుర్తించి 2011లో ప్రకటించిరి. అట్టి కప్పు క్రింద మనుష్యుడు తలదాచుకొనవచ్చును. ఆ చంద్రయానులోనే కిరణతీవ్రతను కొలుచుటకు బల్గేరియావారి పరికరము ఒకటి పోయినది. తరువాత 2019లో దిగిన చైనావారి నౌక, చంద్రుని నేలపై దినమునకు ఇంచుమించు 1.37 మిల్లీసీవర్టులని కొలిచెను.

ఇది దూరదేశములవారి చింత యని మనము ఊరకుండ తగదు. గగనయాన యాత్రకు ఎంపికైన నలుగురు వైమానిక దళాధికారుల పేర్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడినవి. వారిలో శుభాంశు శుక్లా 2025 జూనులో బయలుదేరి అంతర్జాతీయ కేంద్రమునకు పోయివచ్చెను. గగనయాన మార్గము భూమికి దగ్గఱ, గడువు కొద్ది దినములు. కావున అందు ఈ ముప్పు స్వల్పము. కాని 2035 నాటికి స్వంత కేంద్రమును, 2040 నాటికి చంద్రునిపై భారతీయుని నిలుపుటయు మన దేశము పెట్టుకొనిన లక్ష్యములు. ఆ దారిలో పోవువాడు నేడు ఏదో ఒక ఊరి బడిలో పలకపై అక్షరములు దిద్దుచుండవచ్చును.

ఆ బిడ్డకు మనము ఇయ్యవలసినది కవచము మాత్రమే కాదు. మన ఆసుపత్రులలో ఎక్స్‌రే పని చేయువారు ఱొమ్మున చిన్న బిళ్ళ నొకటి ధరింతురు. అది ఎంత కిరణము తగిలినదో లెక్క వ్రాసియుంచును. వారికి విధించిన హద్దు ఐదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులు. ఆ లెక్కను తెలిసికొను హక్కు ఆ పనివానిది. అంతరిక్షమునకు పోవువాని హద్దు అంతకు పెక్కు రెట్లు హెచ్చు. హద్దు పెరిగినచోట తెలియజెప్పు బాధ్యతయు పెరుగవలెను. ఇంత జల్లు తగులును, ఇంత కవచము గలదు, ఇంత అపాయము మిగులును అని దాపరికము లేక చెప్పి, అతడు సమ్మతించిన మీదటనే పంపవలెను. పూర్తి కవచము లేదని ఎఱిగియు పోవువాడు వీరుడు. అది లేదని తెలుపక పంపువాడు మాత్రము దోషి.

గాలి, నీరు, మన్ను అను మూడును మనము వెల యిచ్చి కొనకయే పొందిన కవచములు. ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞులు టన్నుల లెక్క వేసి కష్టపడి కట్టజూచుచున్నది వీనికి చిన్న నకలు మాత్రమే. ఆ నకలు చేయుట ఎంత కష్టమో తెలిసినప్పుడు, అసలును చెడగొట్టకుండ కాపాడుకొనవలెనను బుద్ధియు మనకు కలుగవలెను.